సిగరెట్ కొనే వయసు 21 చేయాలి



పొగాకు కొనడానికి కనీస వయసును మన రాష్ట్రంలో 18 నుంచి 21 ఏళ్లకు పెంచాలి. దాంతోపాటే విడి సిగరెట్ల అమ్మకాన్ని ఆపాలి. ఈ రెండూ కలిసి జరిగితేనే ఫలితం ఉంటుందని ఇంటర్ పిల్లల మధ్య పనిచేస్తున్న అధ్యాపకుడిగా నా గట్టి నమ్మకం.

2003 నాటి కేంద్ర చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారికి పొగాకు అమ్మకూడదు. విద్యాసంస్థలకు నూరు గజాల లోపు ఎవరికీ అమ్మకూడదు. కొనేవాడు మైనరు కాదని రుజువు చేసుకోవలసింది అమ్మేవాడే. తప్పితే జరిమానా రూ.200 దాకా ఉంటుంది. కానీ సాయంత్రం కాలేజీ వదిలాక బడ్డీ కొట్టు దగ్గర చూడండి. హెచ్చరిక బోర్డు షాంపూ ప్యాకెట్ల దండల వెనక ఎక్కడో ఉంటుంది. యూనిఫాంలో ఉన్న కుర్రాడు నోరు విప్పి అడగక్కర్లేదు. నోటు చాపితే చాలు, ఒక సిగరెట్, వాసన రాకుండా ఒక పిప్పరమెంటు బిళ్ల చేతిలో పడతాయి. తాడుకు కట్టిన లైటర్ పక్కనే వేలాడుతుంటుంది. పెట్టె మీద 85 శాతం మేర వేయించిన హెచ్చరిక బొమ్మ వాడి కంటపడదు, పెట్టె వాడి చేతికి రాదు కనుక.

పద్దెనిమిదే అమలుకానప్పుడు ఇరవై ఒకటి ఏం ఒరగబెడుతుందని తోటి అధ్యాపకులే అడుగుతున్నారు. నా జవాబు ఇది. ఇంటర్ రెండో ఏడాదిలో ఒకరిద్దరికి పద్దెనిమిది నిండే ఉంటాయి. వాళ్లు దర్జాగా కొంటారు, పదహారేళ్ల వాళ్లకు పంచుతారు. అందరూ ఒకే బెంచీ వాళ్లు. వయసు 21 అయితే కొనగలిగినవాడు డిగ్రీ కూడా ముగించి ఉంటాడు, మా పిల్లలతో రోజూ తిరిగేవాడు కాడు. పైగా మీసం మొలిచిన పదిహేనేళ్ల వాణ్ణి పద్దెనిమిది అనుకున్నానని కొట్టతను బుకాయించవచ్చు. ఇరవై ఒకటి అనుకున్నానంటే ఎవరు నమ్ముతారు?

అమెరికా 2019లో ఈ వయసును 21 చేసింది. మన కేంద్రం 2021లో అలాంటి సవరణకే ముసాయిదా బయటపెట్టి వదిలేసింది. కర్ణాటక మాత్రం ఆగలేదు. 2024లో శాసనసభలో సవరణ చేసుకుని, రాష్ట్రపతి ఆమోదం పొంది, 2025లో అమల్లోకి తెచ్చింది. విడి సిగరెట్లనూ నిషేధించింది. వాళ్లకు సాధ్యమైంది మనకెందుకు కాదు?

ఓటు పద్దెనిమిదికే ఇచ్చాం కదా అంటారు. మద్యానికి మన రాష్ట్రంలో 21 పెట్టినప్పుడు ఆ వాదన అడ్డురాలేదు. నికోటిన్ పట్టు లేత వయసులో మరీ గట్టిగా బిగుస్తుంది. ఇక పొగాకు రైతు నష్టపోతాడనే మాట. మాది పొగాకు జిల్లా, రైతు కష్టం నాకు తెలియనిది కాదు. మన వర్జీనియా పొగాకు పంటలో ఎక్కువ భాగం విదేశాలకు పోతుంది. ఇంటర్ కుర్రాడు మానేసినంత మాత్రాన వేలం కేంద్రంలో రైతు ధర పడిపోదు.

వచ్చే శాసనసభ సమావేశాల్లోనే సవరణ బిల్లు పెట్టాలని ఆరోగ్య మంత్రిగారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అందులో జరిమానా పెంపుతోపాటు, నూరు గజాల హద్దును కొలిచి కొట్లను తొలగించే బాధ్యత ఏ అధికారిదో కూడా స్పష్టంగా రాయాలి.

ఇట్లు,
ఒక జూనియర్ కాలేజీ అధ్యాపకుడు,
ఒంగోలు