ల్యాప్‌టాప్ కొంటున్నారా..? 'ఏ బ్రాండ్ మంచిది' అని అడిగే ముందు ఇది చదవండి!

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ అయిపోగానే తెలుగు రాష్ట్రాల్లో చాలా ఇళ్లలో మొదలయ్యే టాపిక్ ల్యాప్‌టాప్. సీటొచ్చింది.. ఫీజు కట్టేశారు.. ఇక 50, 60 వేలు పెట్టి ల్యాప్‌టాప్ కొనాలి. అది నాలుగేళ్లూ రావాలి. అప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే.. "ఏ కంపెనీది కొంటే రిపేర్ రాదు?" బాబాయి కొడుకు ఒక పేరు చెప్తాడు. కాలేజీ సీనియర్ ఇంకో పేరు చెప్తాడు. షాపులో సేల్స్ కుర్రాడు మూడో పేరు చెప్తాడు. ఇంతకీ ఎవరి మాట నమ్మాలి? అసలు ఆ ప్రశ్నలోనే తేడా ఉంది. ఎందుకో చూద్దాం.

ర్యాంకులు చెప్పిన నిజం ఏంటి?

2009లో అమెరికాకు చెందిన వారంటీ కంపెనీ స్క్వేర్‌ట్రేడ్ 30 వేలకు పైగా ల్యాప్‌టాప్‌ల రికార్డులు పరిశీలించి ఒక రిపోర్ట్ ఇచ్చింది. మూడేళ్లలో దాదాపు ప్రతి మూడు ల్యాప్‌టాప్‌లలో ఒకటి ఫెయిల్ అవుతుందని తేల్చింది. కింద పడటం, నీళ్లు పోయడం లాంటివి పక్కన పెట్టి, కేవలం హార్డ్‌వేర్ లోపాలే తీసుకుంటే అసుస్ 15.6 శాతం, తోషిబా 15.7 శాతం, సోనీ 16.8 శాతంతో ముందు నిలిచాయి. హెచ్‌పీ 25.6 శాతంతో చివర్లో ఉంది.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి.. ఫస్ట్ ర్యాంక్ బ్రాండ్‌లో కూడా ఆరింటిలో దాదాపు ఒకటి రిపేర్‌కి వెళ్లింది. రెండోది.. ఆ టాప్-3లో ఇద్దరు ఇప్పుడు ఈ ఫీల్డ్‌లోనే లేరు. సోనీ 2014లో వయో బిజినెస్‌ని అమ్మేసింది. తోషిబా 2020 నాటికి ల్యాప్‌టాప్‌ల నుంచి పూర్తిగా తప్పుకుంది. అంటే పాత ర్యాంకులు పట్టుకుని ఈరోజు మోడల్ కొనడం కుదరదు.

పైన లోగో వేరు.. లోపల సరుకు ఒకటే!

2006 ఆగస్టులో డెల్ 41 లక్షల బ్యాటరీలను వెనక్కి పిలిచింది. అదే నెలలో యాపిల్ 18 లక్షల బ్యాటరీలను రీకాల్ చేసింది. రెండు వేర్వేరు బ్రాండ్లు.. కానీ లోపల ఉన్నవి సోనీ తయారుచేసిన సెల్స్. 2008లోనూ ఇదే సీన్. ఎన్విడియా గ్రాఫిక్స్ చిప్‌లలో లోపం బయటపడితే డెల్, హెచ్‌పీ, యాపిల్ మూడూ ఇబ్బంది పడ్డాయి.

పైగా చాలా బ్రాండ్లు ల్యాప్‌టాప్‌లను సొంతంగా తయారుచేయవు. క్వాంటా, కాంపాల్ లాంటి తైవాన్ కంపెనీలు ఒకేసారి చాలా బ్రాండ్లకు చేసి ఇస్తాయి. కాబట్టి లోగో చూసి లోపల క్వాలిటీని అంచనా వేయడం కష్టమే.

పెద్ద కంపెనీలకూ తప్పలేదు

యాపిల్: 2015లో తెచ్చిన బటర్‌ఫ్లై కీబోర్డ్‌లో కాస్త దుమ్ము చేరినా కీలు పట్టేసేవి. 2018లో ఫ్రీ రిపేర్ ప్రోగ్రామ్ పెట్టారు. 2020 కల్లా ఆ డిజైన్‌నే వదిలేశారు. అమెరికాలో కేసు నడిచి 2022లో 5 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్‌కు ఒప్పుకున్నారు. ఆ డబ్బు మాత్రం అక్కడి ఏడు రాష్ట్రాల కస్టమర్లకే!

మళ్లీ యాపిలే: 2019లో పాత 15 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోల బ్యాటరీలు వేడెక్కే ప్రమాదం ఉందని రీకాల్ చేసింది. దాంతో మన డీజీసీఏ కూడా ఆ మోడళ్లను విమానాల్లో తీసుకెళ్లొద్దని ప్రయాణికులను కోరింది.

హెచ్‌పీ: 2018 జనవరిలో అమెరికాలో దాదాపు 50 వేల బ్యాటరీలు, ఏడాది తర్వాత మరో 78,500 రీకాల్ చేసింది.

లెనొవో: గట్టివని పేరున్న థింక్‌ప్యాడ్‌లలోనూ, 2017-2019 మధ్య వచ్చిన కొన్ని మోడళ్లలో ఫర్మ్‌వేర్ లోపం వల్ల యూఎస్‌బీ-సీ పోర్ట్ పనిచేయడం మానేసే సమస్య వచ్చింది. అప్‌డేట్ చేసుకున్నవాళ్లు బయటపడ్డారు.

మరి తేడా ఎక్కడుంది?

బ్రాండ్‌ల మధ్య కంటే, ఒకే బ్రాండ్‌లోని సిరీస్‌ల మధ్య తేడా ఎక్కువ. లెనొవోలో ఐడియాప్యాడ్ వేరు, థింక్‌ప్యాడ్ వేరు. హెచ్‌పీలో పెవిలియన్ వేరు, ఎలైట్‌బుక్ వేరు. అసుస్‌లో వివోబుక్ వేరు, ఎక్స్‌పర్ట్‌బుక్ వేరు. డెల్‌లో ఇన్‌స్పిరాన్, లాటిట్యూడ్ అని ఉండేవి.. 2025 నుంచి పేర్లు మార్చడంతో ఆఫీస్ సిరీస్ 'డెల్ ప్రో' అయింది.

ఆఫీసుల కోసం చేసే సిరీస్‌లో బాడీ, హింజ్‌లు సాధారణంగా గట్టిగా ఉంటాయి. పార్టులు ఎక్కువ కాలం దొరుకుతాయి. రేటూ ఎక్కువే అనుకోండి. తక్కువ రేటు మోడళ్లలో స్క్రీన్ పలుచగా, స్టైల్‌గా ఉన్నా హింజ్ స్క్రూలు ప్లాస్టిక్‌లోనే దిగి ఉంటాయి. ఒకే కంపెనీ ల్యాప్‌టాప్ మీద ఇద్దరు ఫ్రెండ్స్ రెండు రకాలుగా చెప్పడానికి కారణం చాలాసార్లు ఇదే.

ఇక 'మిలిటరీ గ్రేడ్' అనే స్టిక్కర్ చూసి పడిపోకండి. మిల్-ఎస్‌టీడీ-810 అనేది అమెరికా సైన్యం టెస్టింగ్ పద్ధతి. అందులో ఏయే టెస్టులు చేయాలో కంపెనీనే ఎంచుకుంటుంది. అమెరికా సైన్యం సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు.

ఎక్కువగా పోయేవి ఇవే

హింజ్: స్క్రీన్‌ని ఒక మూల పట్టుకుని లాగితే లోడ్ అంతా ఒకవైపు హింజ్ మీదే పడుతుంది. బిగుసుకున్న హింజ్‌ని బలవంతంగా తెరిస్తే ప్లాస్టిక్ పగులుతుంది. మధ్యలో పట్టుకుని తెరవండి. 'టక్' మని సౌండ్ వస్తే వారంటీలో ఉండగానే చూపించండి.

బ్యాటరీ: రోజంతా 100 శాతంలో, వేడిలో ఉంటే త్వరగా అరిగిపోతుంది. చాలా కంపెనీల యాప్‌లలో 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే ఆప్షన్ ఉంది. టచ్‌ప్యాడ్ పైకి లేచిందంటే బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. వెంటనే చార్జింగ్ ఆపేయండి, నొక్కొద్దు, గుచ్చొద్దు.

ఫ్యాన్: హాస్టల్లో మంచం మీద, దుప్పటి మీద పెడితే గాలి దారి మూసుకుపోతుంది. దుమ్ము చేరి హీట్ పెరుగుతుంది, స్పీడ్ తగ్గుతుంది. ఏడాదికోసారి క్లీన్ చేయించండి.

చార్జింగ్ పోర్ట్: వైర్ వేలాడుతూ ఉంటే పోర్ట్ లూజ్ అవుతుంది. కొన్ని మోడళ్లలో అది మదర్‌బోర్డ్‌కే అతికి ఉంటుంది. అప్పుడు బిల్లు వేలల్లోకి వెళ్లొచ్చు.

షాపులో అడగాల్సిన 5 ప్రశ్నలు

1. సర్వీస్ ఇంటికి వచ్చి చేస్తారా, మనమే సెంటర్‌కి తీసుకెళ్లాలా?
2. పిల్లలు చదివే ఊళ్లో సర్వీస్ సెంటర్ ఉందా? హైదరాబాద్‌లో ఉంటే చాలదు.
3. కింద పడినా, నీళ్లు పడినా కవర్ అయ్యే ప్లాన్ ఉందా? మామూలు వారంటీలో ఇవి రావు.
4. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మార్చుకునేలా ఉన్నాయా, బోర్డుకే సోల్డర్ చేశారా?
5. అమెరికా నుంచి అన్నయ్యో, అక్కో తెచ్చే ల్యాప్‌టాప్ అయితే.. ఆ మోడల్ వారంటీ ఇండియాలో చెల్లుతుందా?

బిల్లు ఫొటో తీసి పెట్టుకోండి. వారంటీలో ఉన్నా సర్వీస్ సెంటర్ తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేయొచ్చు. 2022 డిసెంబర్‌లో కేంద్రం 'రైట్ టు రిపేర్' పోర్టల్ కూడా తెచ్చింది.

ఏ ల్యాప్‌టాప్ అయినా పోవచ్చు. ప్రాజెక్ట్ సబ్మిషన్‌కి రెండు రోజుల ముందు పోయిందనుకోండి.. అప్పుడు లోగో ఏంటనేది పనికిరాదు. కాబట్టి "ఏ బ్రాండ్ మంచిది?" అని కాకుండా.. "ఈ మోడల్ పోతే ఎవరు, ఎక్కడ, ఎన్ని రోజుల్లో, ఎవరి డబ్బుతో బాగుచేస్తారు?" అని అడగండి. దానికి సూటిగా జవాబు చెప్పిన చోటే కొనండి.