ముందు పంజరం, తర్వాతే పరుగు

మన మిత్రుల్లో కొందరికి ఈ ఏడు ఒక కొత్త ఉబలాటం పుట్టింది. పాత మారుతి 800 ఒకటి కొని దాన్ని డ్రాగ్ రేసు కారుగా మార్చాలట. తెలియనివారికి ఒక ముక్క చెబుతాను. ఈ పందెంలో మలుపులుండవు. నిలబడ్డ చోటు నుంచి తిన్నగా పావు మైలు, అంటే 402 మీటర్లు, ఎవరు ముందు దాటితే వారిదే గెలుపు. డ్రాగ్ అంటే లాగుడే గదా, మన ఒంగోలు ఎడ్ల బండలాగుడుకి ఇది దూరపు చుట్టం కాబోలు!

కారు కట్టడం మంచిదే. పుస్తకంలో చదివిన న్యూటన్ సూత్రం చేతికి గ్రీజు అంటితేగాని బుర్రకెక్కదు. విద్యార్థి సంఘాన్ని కొంత సొమ్ము అడగబోతున్నారని కూడా విన్నాను. అడగాలి, సంఘమూ ఇవ్వాలి. నా తగాదా అంతా వారు రాసుకున్న ఖర్చుల పట్టీతోనే. మొదటి గీత మీద టర్బో ఉంది. తర్వాత వెడల్పు టైర్లు, సైలెన్సరు, రంగులు. అట్టడుగున, కాగితం అయిపోయే చోట, "హెల్మెట్టు - 1" అని ఉంది. అదేమిటోయ్ అంటే "ముందు పరుగెత్తనీ, సేఫ్టీ తర్వాత చూద్దాం" అన్నారు.

తర్వాత ఎప్పుడు? లెక్క వేద్దాం. మనిషితో కలిపి 800 కిలోల బండి సెకనుకు 40 మీటర్ల వేగంతో, అంటే గంటకు 144 కిలోమీటర్లతో గీత దాటిందనుకోండి. దాని గతిశక్తి 6 లక్షల 40 వేల జౌళ్ళు. 80 మీటర్ల ఎత్తు నుంచి కింద పడే వస్తువుకుండే వేగం అది. పాతిక అంతస్తుల మేడ మీంచి దూకడమన్నమాట. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుందని మనమంతా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే. మంచి టైర్లు, పొడి రోడ్డు ఉన్నా అది ఆగడానికి నూరు మీటర్ల పైచిలుకు కావాలి. బ్రేకు జారితే ఎంత కావాలో రాయడానికి నాకు మనసొప్పడం లేదు.

బెల్టు సంగతి చూడండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న మనిషి అర మీటరు దూరంలో ఆగిపోతే, 60 కిలోల వాడి మీద సుమారు 1,200 కిలోల బరువుకు సమానమైన బలం పడుతుంది. మా ఊరి లెక్కలో పదిహేను బస్తాల వడ్లు. ఆ పదిహేను బస్తాలనూ పొట్ట మీద మోయాలా, తుంటి ఎముక మీదా భుజాల మీదా మోయాలా అన్నది తేల్చేది బెల్టు కట్టిన తీరే. రేసు బెల్టుకు ఆరు పట్టీలుంటాయి. తొడల మధ్య నుంచి వచ్చే పట్టీ లేకపోతే మనిషి కిందికి జారిపోయి నడుం బెల్టు పొట్టలోకి దిగుతుంది. ఆ నేత గుడ్డకూ గడువు తేదీ ఉంటుంది. పాత సామాన్ల కొట్లో చవగ్గా దొరికిందని తెచ్చుకునే సరుకు కాదది.

మాది వ్యవసాయ కుటుంబం. ట్రాక్టరు గట్టు మీంచి పొలంలోకి తిరగబడితే ఏమవుతుందో మా పల్లెల్లో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. స్వీడను దేశం 1959లోనే కొత్త ట్రాక్టర్లకు తలపైన ఇనుప చట్రం తప్పనిసరి చేసింది. కారులో మూడు చోట్ల బిగించే బెల్టు కూడా అదే దేశంలో అదే ఏడు వచ్చింది. వోల్వో కంపెనీలో నిల్స్ బోలిన్ అనే ఇంజనీరు తయారుచేస్తే, కంపెనీ ఆ పేటెంటును అందరికీ వదిలేసింది. ఈ పంజరం మాట మా నాన్నతో అంటే, "ఎద్దు ఎంతైనా ఉరకనీరా, పగ్గం తెగకుంటే చాల్దేటి" అన్నాడు. ఆయన ఫిజిక్సు చదవలేదు.

పంజరం అంటే రోల్ కేజి. కారు పల్టీ కొట్టినా పైకప్పు తల మీదికి అణిగిపోకుండా కాసేది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం దాని ప్రధాన కమానుకు అతుకు లేకుండా చల్లగా లాగిన గొట్టం వాడాలి. 45 మిల్లీమీటర్ల వ్యాసం, రెండున్నర మిల్లీమీటర్ల మందం. కిటికీ గ్రిల్లులకు వాడే గొట్టానికి పొడుగునా అతుకుంటుంది, దెబ్బ తగిలితే అక్కడే విచ్చుకుంటుంది. మనది ఉక్కు నగరమే గాని మన ప్లాంటులో తయారయ్యేది కడ్డీ, తీగ, యాంగిల్, ఛానెల్ వగైరా. కనుక ఈ గొట్టం బయటినుంచి తెప్పించుకోవలసిందే. అయితే మనకున్న సిరి వెల్డర్లు. 1941లో సింధియా వారు ఓడల కార్ఖానాకు పునాది వేసిన నాటి నుంచీ ఓడలు కడుతున్న ఊరు ఇది. సముద్రం నీళ్ళు చొరకుండా అతికినవాడికి ఒక పంజరం అతకడం ఏపాటి? గాజువాక ఆటోనగర్‌లో చవగ్గా చేస్తామనే వారి దగ్గరికి పోకుండా, ఓడల పనిలో తలపండిన పెద్దను ఒకరిని పిలిచి, అతుకులు పరీక్ష చేయించుకోండి.

ఇదంతా పిరికి మాటంటారేమో. డాన్ గార్లిట్స్ అని అమెరికాలో డ్రాగ్ రేసులకు పేరుపడ్డ మొనగాడు. 1970 మార్చిలో కాలిఫోర్నియాలో బయలుదేరీ బయలుదేరగానే కాళ్ళ దగ్గరున్న గేరుపెట్టె పేలి, కారు రెండు ముక్కలై, కుడిపాదంలో కొంత భాగం పోయింది. ఆయన ఆసుపత్రి మంచం మీద పడుకుని ఇంజను మనిషి వెనక పెట్టే కారు ఆలోచించి, మరుసటి ఏడు దానితోనే గెలిచాడు! పిరికివాడంటారా? 2008లో స్కాట్ కలిట్టా మరణించాక అక్కడి పెద్ద కార్లకు పందెం దూరాన్నే 1,320 అడుగుల నుంచి 1,000 అడుగులకు కుదించారు.

నిప్పు మాట కూడా ఉంది. చేతికందే చోట మంటలార్పే సిలిండరు, బయటినుంచి కూడా నొక్కగలిగే కరెంటు స్విచ్చి, క్లచ్చి ముక్కలు మనిషి మీదికి రాకుండా ఉక్కు కవచం కావాలి. స్కూటరు హెల్మెట్టు దీనికి పనికిరాదు, లోపల మంటకు ఓర్చే గుడ్డ ఉండాలి. నైలాను చొక్కా అసలే వద్దు, కాలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది.

చివరిగా, ఈ కారు బీచి రోడ్డెక్కకూడదు. రామకృష్ణా బీచి నుంచి భీమిలి వైపు రాత్రిపూట మోటారు సైకిళ్ళ మోత మనకు కొత్త కాదు. ఆ రోడ్డు మీద చేపల గంపలతో అమ్మలుంటారు, పిల్లలుంటారు. కంపెనీ ఇచ్చిన రూపం మార్చిన బండి రోడ్డు మీద నడవరాదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. రోడ్డు మీద పందేలు వేస్తే మోటారు వాహనాల చట్టం ప్రకారం జైలు కూడా ఉంది. మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేసుల కోసమే కట్టిన బాట ఉంది. లారీ మీద ఎక్కించి అక్కడికి తీసుకుపోవాలి. ఆ లారీ కిరాయి మనవాళ్ళ పట్టీలో ఎక్కడా లేదు.

సంఘం కార్యదర్శిగారికి నా మనవి ఒక్కటే. పట్టీని తలకిందులు చేసి తెమ్మనండి. పంజరం, బెల్టు, హెల్మెట్టు, సిలిండరు, లారీ కిరాయి పైన ఉండాలి, మిగిలిన డబ్బుతోనే టర్బో. మిగలకపోతే ఈ ఏటికి 37 గుర్రాల ఇంజనుతోనే పరుగెత్తనీయండి. అలా రాసి తెచ్చేదాకా సంతకం పెట్టకండి.

— బి.యస్సీ. ఆఖరి సంవత్సరం విద్యార్థి, భౌతికశాస్త్రం