రాకెట్ ముచ్చట – మందు ముప్పు

శ్రీహరికోట నుంచి రాకెట్ లేచినప్పుడల్లా మనమూ ఒకటి ఎగరేస్తే ఎట్లుంటుందన్న ముచ్చట బడిపిల్లలకు పుట్టడం సహజం. 2022 నవంబరు 18న హైదరాబాదు సంస్థ స్కైరూట్ తయారుచేసిన విక్రమ్-ఎస్ 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది. దేశంలో ప్రయివేటు రంగంలో నిర్మించి ఎగరేసిన మొదటి రాకెట్ అదే. ఇక ఈ ముచ్చటను వెర్రి అని కొట్టిపారేయడం తగదు. అలాగని దీపావళి టపాకాయల మందు విప్పి గొట్టంలో కూరుతుంటే చూసీచూడనట్టు ఊరుకోవడం అంతకన్నా తగదు.

అమెరికాలో 1950ల నుంచి ఈ ఆటకు ఒక పద్ధతి ఉంది. అట్టగొట్టం, ప్లాస్టిక్ ముక్కు, పలుచని చెక్క రెక్కలు, చిన్న పారాచూట్ – ఇవి పిల్లలు జిగురుతో అతికించుకోవచ్చు. మోటారు మాత్రం ఫ్యాక్టరీలో తయారైనదే. మందు కలపడం ఆటలో భాగమే కాదు. మోటారు శక్తిని అక్షరాలతో చెబుతారు. ఒక్కో అక్షరం దాటితే శక్తి హద్దు రెట్టింపు. ఇ, ఎఫ్, జి అనేవి మధ్యస్థాయివి. వాటిని విద్యుత్ తీగతో కనీసం 30 అడుగుల దూరం నుంచి వెలిగించాలి.

కొత్తవారు తడబడేది తూకం దగ్గర. రాకెట్ బరువు నిలిచే చోటు, గాలి ఒత్తిడి పనిచేసే చోటుకన్నా కనీసం గొట్టం వెడల్పంత ముందుండాలి. నడుముకు దారం కట్టి గిరగిరా తిప్పితే ముక్కు ముందుండి తిరగాలి. లేకుంటే ముక్కులో కాస్త బరువు పెట్టవలసిందే. మందు కాలిపోయిన కొన్ని సెకన్లకు మోటారులోని చిన్న పేలుడు పారాచూట్‌ను బయటికి నెడుతుంది. ఆ సెకన్ల లెక్క బాగా తప్పితే వారం రోజుల శ్రమ నేలలో మేకులా దిగబడుతుంది.

చిక్కేమిటంటే, ఈ మోటార్లు ఆసిఫాబాద్ బజారులో దొరికే సరుకు కాదు. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నిబంధనల ప్రకారం మందు తయారీకి, నిల్వకు లైసెన్సు కావాలి. ఆ వ్యవహారం చూసే కేంద్ర సంస్థ ప్రధాన కార్యాలయం పక్కనున్న నాగపూర్‌లోనే ఉంది. గోలేటి గనుల్లో పనిచేసిన కుటుంబాలకు లెక్కలేని మందు ఎంత చేటో ఒకరు చెప్పనక్కరలేదు.

అయితే దారి మూసుకుపోలేదు. 2025లో ఉత్తరప్రదేశ్‌లోని కుషీనగర్ జిల్లాలో విద్యార్థులకు మోడల్ రాకెట్ల పోటీ జరిగింది. అంతవరకు పోలేని బడులకు నీటి రాకెట్ ఉండనే ఉంది. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా, మూడో వంతు నీళ్లు, సైకిల్ పంపు, బిగుతైన బిరడా చాలు. తూకం సూత్రమూ అదే, న్యూటన్ సూత్రమూ అదే; నిప్పు మాత్రం లేదు. అయినా సీసా మీదికి వంగి చూడనివ్వరాదు, గీతలు పడిన సీసా వాడరాదు.

జిల్లా విద్యాశాఖ సైన్సు ఫెయిర్‌లో దీనికొక పోటీ పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అనుమతితో మందు రాకెట్ ఎగరేసే రోజు వచ్చినా, అది చలికాలంలోనే కావాలి. ఫిబ్రవరి దాటితే ఇక్కడి అడవిలో ఎండుటాకుకు నిప్పురవ్వ చాలు.