తప్పు గొర్రెది కాదు

మందలో గొర్రె చూలు కట్టలేదంటే మన పల్లెల్లో మొదటి తీర్పు ఒక్కటే... ‘గొడ్డుది, అమ్మేయ్!’ సంతకు వెళ్లేది గొర్రె. పొట్టేలు మాత్రం దర్జాగా మందలోనే! (ఇళ్లలోనూ ఇలాంటి తీర్పులు విన్నవాళ్లమే కదా.)

లెక్క చూడండి. తెలంగాణలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కో యూనిట్‌కి ఇచ్చింది 20 గొర్రెలు, ఒక్క పొట్టేలు. ఒక గొర్రె ఈనకపోతే పోయేది ఒకటో రెండో పిల్లలు. పొట్టేలే జబ్బుదైతే మంద మొత్తం నష్టపోతుంది.

ఆ జబ్బు తెచ్చేవాటిలో పేరుమోసిన బ్యాక్టీరియా బ్రూసెల్లా ఓవిస్. 1953లో న్యూజిలాండ్, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు దీని సంగతి బయటపెట్టారు. వృషణాన్ని అంటిపెట్టుకుని, వీర్యకణాలు పక్వమయ్యే గొట్టం ఒకటుంటుంది... ఎపిడిడిమిస్. దీని మకాం అక్కడే. వాపు వచ్చి గడ్డకడుతుంది, దారి మూసుకుపోతుంది. పొట్టేలు మాత్రం మేస్తుంది, కుమ్ముతుంది, ఎదకొచ్చిన గొర్రె వెంట పడుతుంది. ఇక అనుమానం ఎవరికొస్తుంది? ఒకే గొర్రెను రెండు పొట్టేళ్లు దాటితే ఒకదాని జబ్బు రెండోదానికీ!

అందుకే అక్కడి పశువైద్యులు ముందు వృషణాలను చేత్తో తడిమి చూస్తారు. రెండూ సమానంగా, బిగువుగా ఉండాలి. కింది కొసన గట్టి ఉండ తగిలిందా, అనుమానించాల్సిందే. అసలు చిక్కు ఏమిటంటే, జబ్బున్న పొట్టేళ్లలో చాలావాటికి చేతికి ఏమీ తగలదు. గడ్డ ఉన్నంత మాత్రాన ఇదే జబ్బనీ కాదు. దెబ్బ తగిలినా, వేరే బ్యాక్టీరియా చేరినా వాస్తుంది. కాబట్టి వీర్యాన్ని మైక్రోస్కోపు కింద చూడాలి, కల్చర్ చేయాలి. రక్తానికి ఎలీసా పరీక్ష. కొత్తగా సోకినప్పుడు రక్తంలోనూ దొరక్కపోవచ్చు, కొన్ని వారాలు ఆగి మళ్లీ చేయాలి. తేలితే మందలోంచి ఏరివేయడమే, మందులతో పెద్దగా ఫలితం ఉండదు.

ఓవిస్ మనుషులకు సోకదు. దాని దాయాది మెలిటెన్సిస్ అలా కాదు. మన దేశపు గొర్రెలు, మేకలు ఈసుకుపోయేలా చేసేవాటిలో అదొకటి. మాయను ఒట్టి చేతుల్తో తీసినవారికీ, పచ్చిపాలు తాగినవారికీ విడవని జ్వరం, కీళ్లనొప్పులు తెస్తుంది. దీనికి రోజ్ బెంగాల్ పరీక్ష ఉంది. రక్తం నుంచి తీసిన సీరం చుక్కలో గులాబీరంగు ద్రావణం కలుపుతారు. నాలుగు నిమిషాల్లో తరకలు కడితే అనుమానం ఉన్నట్టే.

అయితే ఈ గులాబీ పరీక్ష ఓవిస్‌ను పట్టదు. కనుక ‘బ్రూసెల్లా లేదు’ అని చీటీ చూపించి ఎవరైనా పొట్టేలును అమ్మజూపితే, ఏ పరీక్ష చేయించారో, ఎన్నిసార్లు చేయించారో అడగండి.