మూడు రీడింగులు

మా అక్కావాళ్ళు కెనడాలో ఉంటారు. చలికాలంలో అక్కడ మైనస్ 20 డిగ్రీలు కొత్తేం కాదు. గచ్చు మీద వట్టి కాళ్ళతో నిలబడలేమని, కొత్తగా వేసుకుంటున్న గది గచ్చులో కరెంటు హీటింగ్ కేబుల్ వేయించుకున్నారు. కాంక్రీటు పోసే రోజు బావగారు వీడియో కాల్ చేసి "నువ్వు ట్రిపులీ కదా, చూడు" అన్నారు. అప్పట్నుంచీ ఒక విషయం నన్ను కుదురుగా ఉండనివ్వట్లేదు.

కేబుల్‌ని ఇనుప మెష్‌కి ప్లాస్టిక్ టైలతో కట్టారు. వరసల మధ్య ఎడం సమానంగా ఉంది, ఎక్కడా ఒకదాని మీద ఇంకోటి లేదు. ఒక మూల చుట్ట కొంచెం మిగిలింది. "కోసేస్తే పోదా?" అన్నాన్నేను. బావగారు అడిగితే ఎలక్ట్రీషియన్ తల అడ్డంగా ఊపాడు. లెక్క వేసుకున్నాక నాకే సిగ్గేసింది. 240 వోల్టుల మీద 1200 వాట్ల కేబుల్ అంటే 48 ఓమ్‌లు. సగానికి కోస్తే 24 ఓమ్‌లు, అంటే 2400 వాట్లు. సగం పొడవులో రెట్టింపు పవర్, మీటరుకి నాలుగింతల వేడి! మిగిలిన చుట్టని వరసలు సర్ది పరిచారు.

అతని కాగితం మీద అప్పటికే రెండు వరసల రీడింగులున్నాయి. పెట్టెలోంచి తీయగానే ఒకసారి, మెష్‌కి కట్టాక ఒకసారి. కాంక్రీటు పోయగానే మూడోసారి. ప్రతిసారీ రెండు కొలతలు: కేబుల్ రెసిస్టెన్స్ లేబుల్‌తో సరిపోతోందా, మెగ్గర్ పెడితే ఇన్సులేషన్ బాగుందా. పార తగిలి తొడుగు చిరిగితే ఆ నిమిషంలోనే తెలియాలి. కాంక్రీటు గట్టిపడకముందైతే తీసి బాగుచేయొచ్చు. తర్వాతైతే గచ్చు పగలగొట్టాలి. గ్రౌండ్ ఫాల్ట్ బ్రేకర్ మనిషిని కాపాడుతుంది కానీ గచ్చుని కాపాడదు కదా! 28 రోజులు క్యూర్ అయ్యేదాకా స్విచ్ వేయకూడదని కూడా రాసి పెట్టాడు.

సరిగ్గా అదే మెగ్గర్ ప్రయోగం నా రికార్డులోనూ ఉంది. ఆ రోజు క్యూ పెద్దగా ఉందని సీనియర్ రికార్డులోంచి అంకెలు దించేశాను. టిక్కు పడింది, మార్కులూ పడ్డాయి.

"ఎవరు చేయట్లేదు?" అంటారు. నిజమే. ఒక్క మెగ్గర్, ఇంతమందిమి, రెండు గంటల ల్యాబు. కానీ అంకె దించడం అలవాటైన చెయ్యి సైటుకి వెళ్ళాక మాత్రం ఆగుతుందా? మన ఊళ్ళలో గచ్చుకి వేడి అక్కర్లేదు గానీ, స్లాబులో కరెంటు పైపులు మనమూ పాతుతాం. పైపు నలిగిన సంగతి స్లాబు పోసే రోజు ఎవరూ చూడరు. వైరు లాగేటప్పుడు బయటపడుతుంది, అప్పుడు సీలింగుకి ఉలి పెడతాం.

నా అభిప్రాయం ఒక్కటే. రీడింగు రాకపోతే "రాలేదు, కారణం ఇదీ" అని రాసే పేజీకి మార్కులివ్వాలి. మేడమ్‌లనీ సార్లనీ ఇది అడగాలి. అడిగే ముందు మనం దించడం ఆపాలి.

నేనా పేజీ కొట్టేశాను. శనివారం మధ్యాహ్నం ల్యాబు తెరవమని మేడమ్‌ని అడిగితే సరే అన్నారు. వచ్చేవాళ్ళు రండి. మా మెగ్గర్ చేత్తో తిప్పేది. ఒకరు తిప్పితే ఇంకొకరు రాసుకోవాలి.