బోర్డు పోయిందని ఎవరు చెప్పారు?

ఇంటర్వ్యూలో ‘‘మీరు పరిష్కరించిన ఒక సమస్య చెప్పండి’’ అనగానే చాలామంది ఫైనలియర్ ప్రాజెక్టు అందుకుంటారు. ఏం తయారుచేశారో, ఏ లాంగ్వేజ్ వాడారో గడగడా చెప్పేస్తారు. అడిగింది అది కాదు కదా! ఏదైనా మొరాయించినప్పుడు కారణాన్ని ఎలా పట్టుకున్నారన్నది వాళ్లకు కావాలి. మన కాలేజీలు తయారుచేయడం ఎంతో కొంత నేర్పుతున్నాయి. చెడిపోయినదాని ముందు కూర్చుని ఆలోచించడం మాత్రం దాదాపు నేర్పడం లేదన్నది నా గట్టి అభిప్రాయం. ల్యాబ్‌లో రీడింగ్ రాకపోతే ఎందుకు రాలేదని వెతికేవాళ్లకంటే పక్క బ్యాచ్ రికార్డు వెతికేవాళ్లే ఎక్కువ.

దీనికి నేను తీసుకునే ఉదాహరణ వింతగా అనిపించొచ్చు. పాత హాట్ టబ్. అమెరికా, కెనడాల్లో ఇళ్ల పెరట్లో కనిపించే పెద్ద తొట్టె ఇది. నలుగురైదుగురు కూర్చోవచ్చు. వాడిన ప్రతిసారీ నీళ్లు పారబోయరు. అవే నీళ్లను పంపు తిప్పుతుంటుంది, ఫిల్టరు వడకడుతుంది, హీటరు వేడిగా ఉంచుతుంది. అక్కడ భద్రత కోసం పెట్టుకున్న గరిష్ఠ పరిమితి 40 డిగ్రీల సెల్సియస్. డాలస్‌లో మా పెదనాన్నగారబ్బాయి కొన్న పాత ఇంటితో పాటు ఇలాంటిదొకటి వచ్చింది.

‘‘ఒరేయ్, ప్యానెల్ పిచ్చిపట్టినట్టు చేస్తోందిరా. కంట్రోల్ బోర్డు పోయింది, ఈ మోడల్‌వి ఇప్పుడు రావట్లేదు, మొత్తం కిట్టు మార్చాలంటున్నాడు మెకానిక్’’ అని వీడియో కాల్ చేశాడు. ‘‘బోర్డే పోయిందని ఎలా తేల్చాడు అన్నయ్యా?’’ అని అడిగా. దానికి జవాబు లేదు.

‘బోర్డు పోయింది’ అనే మాట మనకూ కొత్త కాదు. టీవీకీ అదే, వాషింగ్ మెషీన్‌కీ అదే. మనతో మాట్లాడే భాగం ప్యానెల్ కాబట్టి నింద దానిమీదో, దాని వెనకున్న బోర్డుమీదో పడుతుంది. నిజానికి ప్యానెల్ చాలాసార్లు వార్త మోసుకొచ్చే పోస్ట్‌మ్యాన్ మాత్రమే. చాలా మోడళ్లలో ‘ఎఫ్ఎల్ఓ’ అని వెలిగితే నీటి ప్రవాహం సరిగా లేదని అర్థం. హీటరు ఆగిపోతుంది. అప్పుడు మొదట చేయాల్సింది ఫిల్టరు తీసి కాసేపు నడిపి చూడటం. హీటరు ఆన్ అయితే దోషం ఫిల్టర్లో పేరుకున్న మురికిది. పైసా ఖర్చు లేని పరీక్ష!

ఇంకా పాత టబ్బుల్లో బటన్లు అసలు కరెంటువే కావు. నీళ్లలో ఉన్న మనిషి చేతికి విద్యుత్తు తగలకూడదని గాలి బటన్లు పెట్టారు. నొక్కితే సన్నని గొట్టంలోంచి గాలి వెళ్లి, దూరంగా పెట్టెలో ఉన్న స్విచ్‌ని తడుతుంది. బటన్ నొక్కినా పంపు కదలకపోతే బోర్డును అనుమానించేముందు ఆ గొట్టం ఊడిందా, పగిలిందా చూడాలి. కరెంటు ఆపేసి స్విచ్ దగ్గర గొట్టం ఊడదీసి, స్విచ్‌లోకి కాస్త గాలి ఊదితే ‘టిక్’ మనాలి. అంటే స్విచ్ బాగుంది, తప్పు గొట్టానిదో బటన్‌దో. (ఇంజినీర్లు ఇంత తెలివిగా ఆలోచించారా అని నాకైతే ముచ్చటేసింది.)

అన్నయ్య టబ్ గొడవ వేరు. ప్యానెల్ మీద ఉష్ణోగ్రత ఒకసారి 34, ఇంకోసారి 38. నీళ్లలో మామూలు థర్మామీటరు పెట్టమన్నా. స్థిరంగా 39. ఇక్కడే ఈసీఈ, ట్రిపుల్ఈ వాళ్లు చెవులు రిక్కించాలి. లోపల వేడిని కొలిచేది థర్మిస్టర్. వేడి పెరిగితే దాని నిరోధం తగ్గుతుంది. చాలావాటిలో 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు ఉంటే, 40 దగ్గర సుమారు సగానికి దిగుతుంది. ఇప్పుడు దాని కనెక్టర్ పిన్నులకు చిలుము పట్టిందనుకోండి. అదనపు నిరోధం వచ్చి చేరుతుంది. బోర్డుకు అది చల్లటి నీళ్లలా కనిపిస్తుంది. పాపం, తన లెక్క తాను సరిగ్గానే చేసుకుంటూ ఇంకా వేడి చేస్తుంది. సెన్సర్లోకే తేమ దిగితే సాధారణంగా కథ తిరగబడుతుంది. నిరోధం తగ్గి, నీళ్లు చల్లగా ఉన్నా వేడిగా ఉన్నాయని నమ్మి హీటరు ఆపేస్తుంది. రెండుచోట్లా తప్పుడు సమాచారానికి సరైన నిర్ణయం తీసుకున్న బోర్డునే మనం పీకి పారేస్తాం. బ్రేకరు ఆపించి చూస్తే అన్నయ్య టబ్‌లో పిన్నులు పచ్చగా ఉన్నాయి. సెన్సర్ మార్చాక అంకె కుదురుకుంది.

అలాగని బోర్డులు పోవని కాదు. రిలే కాంటాక్టులు కాలిపోతాయి. వాటి మధ్య చీమలు చేరడం మన బోరు మోటారు స్టార్టర్లలోనే కాదు, టెక్సస్‌లోనూ మామూలే! ఇరవై ఏళ్ల టబ్‌లో బోర్డే కాలి, విడిభాగాలూ దొరక్కపోతే మొత్తం మార్చడమే తెలివైన పని. పరీక్షించాక ఆ నిర్ణయానికి రావడం వేరు, పరీక్షించకుండానే రావడం వేరు. ఇంకోమాట. అక్కడ చాలా టబ్బులకు 240 వోల్టుల సరఫరా ఉంటుంది. బ్రేకరు పదేపదే పడిపోతోందని దాన్ని తప్పించడం, హై లిమిట్ స్విచ్‌కి అడ్డంగా వైరు ముక్క పెట్టి పని కానిచ్చేయడం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే. అలాంటి ‘జుగాడ్’ని ఇంటర్వ్యూలో గొప్పగా చెప్తే ఉద్యోగం రాకపోవడమే న్యాయం.

‘‘సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఇదంతా ఎందుకు బ్రో?’’ అంటారా? యాప్ నెమ్మదించింది, డ్యాష్‌బోర్డు ఎర్రగా ఉందన్నప్పుడు సగంమంది సర్వర్ రీస్టార్ట్ చేద్దామంటారు. ఆ డ్యాష్‌బోర్డుకు అంకెలు ఎక్కడినుంచి వస్తున్నాయి, వాటిని ఇంకోచోట సరిచూడొచ్చా అని అడిగేవాడు వేరుగా కనిపిస్తాడు. నీళ్లలో థర్మామీటరు పెట్టడం అంటే అదే. సపోర్ట్, టెస్టింగ్, ఫీల్డ్ సర్వీస్, ప్లాంట్ మెయింటెనెన్స్ ఉద్యోగాల్లో రోజూ చేసే పని ఇదే. ఫ్రెషర్లు వీటిని చిన్నచూపు చూడటం నాకు అసలు నచ్చదు.

హాట్ టబ్ మీకు దొరక్కపోవచ్చు. మూలనపడ్డ రిమోట్, చార్జ్ ఎక్కని టార్చి, బ్లూటూత్ స్పీకర్ ప్రతి ఇంట్లో ఉంటాయి. మల్టీమీటరు మీ ఫోన్ కవరు ఖరీదుకే దొరుకుతుంది. ముందు లక్షణం రాసుకోండి, తర్వాత అనుమానాలు. అన్నిటికంటే చవకైన పరీక్షతో మొదలుపెట్టండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, విప్పేముందు ఫొటో తీయండి. బాగవకపోయినా పర్లేదు, ఎక్కడిదాకా వెళ్లారో నోట్‌బుక్‌లో ఉంటే ఇంటర్వ్యూలో అయిదు నిమిషాలు మాట్లాడొచ్చు. బ్యాటరీతో నడిచేవాటినే ముట్టుకోండి. మిక్సీ, ఫ్యాను లాంటివి మాత్రం తెలిసిన ఎలక్ట్రీషియన్ పక్కన ఉన్నప్పుడే.