మా నాన్న తప్పు చేస్తున్నాడా అంకుల్?

కాల్గరీలో శనివారాలు పొద్దున్నపూట మా తెలుగువాళ్ళ పిల్లలు ఓ ఏడెనిమిది మందికి లెక్కలూ, సైన్సూ చెబుతుంటాను. చెబుతుంటాను అంటే పెద్ద మాటే. వాళ్ళ అమ్మానాన్నలు సరుకులు తెచ్చుకుని వచ్చేలోగా ఓ బేస్‌మెంట్లో కూర్చోబెట్టి, హోంవర్కులో ఎవరెక్కడ ఆగిపోయారో చూస్తానన్నమాట. ఆల్బెర్టాలో పదో తరగతి సైన్సుకి నాలుగు యూనిట్లు. నాలుగోది భూమ్మీద శక్తి ఎలా ప్రవహిస్తుందన్నది.. ఎండ, గాలులు, సముద్రాలు, చివరికి వాతావరణ మార్పు. మొదటి మూడు యూనిట్లకీ లేని తలనొప్పంతా ఈ నాలుగోదానికే ఉంది.

మొదటిసారి ఈ పాఠానికి వచ్చినప్పుడు నేను మంచి ఊపు మీదున్నాను. స్లైడ్లు కూడా చేశాను (కన్సల్టెంటు బుద్ధి ఎక్కడికి పోతుంది!). హవాయిలో మౌనా లోవా కొండ మీద 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల పాళ్ళకి 315 పాళ్ళున్న కార్బన్ డయాక్సైడు 2024కల్లా 420 దాటేసిందని ఒక గ్రాఫు. నూటికి 97 మంది శాస్త్రవేత్తలు దీన్ని ఒప్పుకున్నారని ఇంకో స్లైడు. అంతా చెప్పేసి, గొప్పగా చేతులు దులుపుకుని, "డౌట్లేమైనా ఉన్నాయా?" అన్నాను. వెనక వరసలో ఓ కుర్రాడు చెయ్యెత్తాడు.

"మా నాన్న గ్యాస్ ప్లాంట్లో పనిచేస్తాడు. అయితే మా నాన్న తప్పు చేస్తున్నాడా అంకుల్?"

దీనికి నా దగ్గర స్లైడు లేదు. అలా కాదు నాన్నా, అదేంటంటే.. అని ఏదో నసిగి, టైమైపోయిందని గట్టెక్కేశాను. తర్వాతి శనివారం వాడు ఓ కాగితం నిండా ప్రశ్నలు రాసుకొచ్చాడు. 1998 తర్వాత వేడి పెరగలేదట కదా? మనకన్నా అగ్నిపర్వతాలే ఎక్కువ వదుల్తాయట కదా? ఇదంతా లిబరల్ పార్టీ వాళ్ళ సైన్సట కదా?

మొదటి రెండిటికీ జవాబులు తేలికే. 1998లో ఎల్ నినో గట్టిగా వచ్చి ఆ ఏడు మరీ వేడెక్కింది. అక్కడినుంచి గీత గీస్తే కాసేపు సమతలంగా కనిపిస్తుంది నిజమే కానీ, 1998ని మించిన వేడి సంవత్సరాలు ఆ తర్వాత బోలెడొచ్చాయి. కొలవడం మొదలుపెట్టాక 2024ని మించింది ఇంకోటి లేదు. అగ్నిపర్వతాలన్నీ కలిసి ఏడాదికి వదిలే కార్బన్ డయాక్సైడు మనం వదిలేదాంట్లో చిన్న ముక్క. ఇవన్నీ చెప్పాను. వాడు శ్రద్ధగా విన్నాడు, రాసుకున్నాడు, ఒక్క ముక్క కూడా నమ్మలేదు. నమ్మితే మొదటి ప్రశ్నకి జవాబేమవుతుందో వాడికి తెలుసు మరి.

నాకు తట్టిందేమిటంటే, ఇలాంటి చోట పిల్లల అనుమానాన్ని తెలివితక్కువతనంగా చూడటంతోనే మాస్టారి పని సగం చెడిపోతుంది. డాన్ కహాన్ అనే ఆయనా, ఆయన తోటివాళ్ళూ 2012లో అమెరికన్ల మీద చేసిన అధ్యయనం ఒకటుంది. సైన్సూ, లెక్కలూ బాగా వచ్చినవాళ్ళంతా ఒక అభిప్రాయానికి రావాలి కదా? అలా జరగలేదు. తెలివి పెరిగేకొద్దీ రెండు పక్షాలూ ఇంకా దూరం జరిగాయి. తెలివైనవాడు తన పక్షానికి పనికొచ్చే వాదనలు ఇంకా బాగా ఏరుకోగలడు మరి. మన వాట్సాప్ గ్రూపుల్లో పీహెచ్‌డీలు చేసినవాళ్ళు పంపే ఫార్వర్డులు చూసినవాళ్ళకి దీని మీద అధ్యయనం అక్కర్లేదనుకోండి.

కాథరిన్ హేహో అని టొరంటోలో పుట్టిన వాతావరణ శాస్త్రవేత్త ఉన్నారు. టెక్సస్‌లో పనిచేస్తారు, భక్తిగల క్రైస్తవురాలు. అక్కడికెళ్ళిన కొత్తల్లో ఓ క్లాసులో వాతావరణ మార్పు గురించి చెప్పి, ప్రశ్నలుంటే అడగమంటే మొట్టమొదటి ప్రశ్న: మీరు డెమోక్రాటా? ఈవిడ, కాదు నేను కెనడియన్ని అన్నారట. టెక్సస్‌లో చెల్లింది గానీ, కెనడాలోనే ఉండి ఆల్బెర్టాలో పాఠం చెప్పేవాళ్ళు ఏం చెప్పుకోవాలి?

ఆల్బెర్టా సంగతి తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. ఇక్కడ నూనె, గ్యాసు అంటే మనకి కోస్తాలో వరి లాంటివి. నేరుగా పండించనివాడి ఇంట్లో కూడా అన్నం దానిదే. 1980లో పియెర్ ట్రూడో ప్రభుత్వం నేషనల్ ఎనర్జీ ప్రోగ్రాం తెచ్చి తమ నూనె డబ్బు తూర్పువాళ్ళకి దోచిపెట్టిందన్న కోపం ఇప్పటికీ ఉంది. అప్పటికి పుట్టనివాళ్ళకి కూడా ఉంది! 2014 చివర్లో నూనె ధర పడిపోయాక డౌన్‌టౌన్‌లో అంతస్తులకి అంతస్తులు ఖాళీ అయ్యాయి. మనవాళ్ళూ చాలామంది ఇళ్ళమ్ముకుని టొరంటో వెళ్ళారు. 2016 మేలో ఫోర్ట్ మెక్‌మర్రే తగలబడి 88,000 మంది ఊరొదిలి పరిగెడుతుంటే, నూనె తవ్వినందుకు కర్మ అనుభవిస్తున్నారని ట్వీట్లు పెట్టిన మహానుభావులున్నారు. ఆ మంటల మధ్యనించి కారు నడుపుకుంటూ వచ్చిన తండ్రి పిల్లలకి, ఇక మనం ఏ పాఠం చెబుతాం?

అవతలి పక్షం ఏమీ తక్కువ తినలేదు. 2019 నవంబరులో బ్లాక్‌ఫాల్డ్స్ అనే చిన్న ఊళ్ళో నాలుగో తరగతి పిల్లలకి ఆయిల్‌సాండ్స్‌ని విమర్శించే వీడియో చూపించారని ఫేస్‌బుక్కులో రేగిన గొడవకి భయపడి బడివాళ్ళు కుటుంబాల డ్యాన్స్ కార్యక్రమమే రద్దు చేసుకున్నారు. 2021లో అయితే, రాష్ట్ర ప్రభుత్వ సొమ్ముతో నడిచే కెనడియన్ ఎనర్జీ సెంటర్ నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'బిగ్‌ఫుట్ ఫ్యామిలీ' అనే పిల్లల బొమ్మల సినిమా మీద యుద్ధం ప్రకటించింది. నూనె కంపెనీని దుర్మార్గంగా చూపించారట! దానివల్ల ఆ సినిమా ఇంకా ఎక్కువమంది చూసుంటారు. (ఆ సెంటరుని 2024లో మూసి ప్రభుత్వంలో కలిపేసుకున్నారు.) వీటి మధ్యలో, 2020లో పాఠ్యప్రణాళిక మీద ప్రభుత్వం వేసిన కమిటీ, సాంఘికశాస్త్రంలో రాష్ట్రపు వనరుల గురించి దృక్కోణాల సమతూకం ఉండాలంది.

సమతూకం అన్నమాట వినటానికి బాగుంటుంది. పన్ను వెయ్యాలా వద్దా, పైపులైను కావాలా వద్దా, ఎవరి ఉద్యోగం ఎన్నేళ్ళలో పోవాలి.. వీటిలో తప్పకుండా రెండు కాదు, పది పక్షాలుంటాయి, అన్నీ క్లాసులోకి రావాల్సిందే. కార్బన్ డయాక్సైడు పరారుణ కిరణాల్ని పట్టుకుంటుందా లేదా అన్నదానికి మాత్రం రెండు పక్షాల్లేవు. 1850ల చివర్లో టిండాల్ ప్రయోగశాలలో కొలిచి చూపించాడు. మా మాస్టార్లలో చాలామంది గొడవెందుకని ఈ రెండిటినీ కలిపి గబగబా చదివేసి యూనిట్ ముగించేస్తారు. వాళ్ళని నేను తప్పుపట్టలేను, ఉద్యోగాలు వాళ్ళవి. కానీ పిల్లాడికి చివరికి మిగిలేది ఇదేదో పార్టీల గొడవన్న సంగతే.

తప్పుపట్టాల్సింది ఇంకోటుంది, అది నేనూ చేశాను. రెండు సీసాలు తీసుకుని, ఒకదాన్లో వంటసోడా వెనిగరు కలిపి కార్బన్ డయాక్సైడు నింపి, రెండిటి మీదా దీపం పెట్టి, చూడండి ఇది ఎక్కువ వేడెక్కిందని చూపించే ప్రయోగం తెలుసుగా? చూపించాను. మా కుర్రాడు కాసేపు ఆలోచించి, ఈ గ్యాసు గాలికంటే బరువు కదా అంకుల్, సీసాలో కదలక వేడి పోవట్లేదేమో అన్నాడు. ఇంటికెళ్ళి వెతికితే, 2010లోనే అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో సరిగ్గా అదే రాశారు. ఫలితం సరే, కారణం వేరని! మా వాడికి అంత బుర్ర ఉందని సంతోషించాలో, నేనింత వెధవనయ్యానని ఏడవాలో తెలీలేదు. తర్వాతి వారం వాడిదే ఒప్పని అందరి ముందూ చెప్పాను. చెప్పొద్దూ, వాడు నా మాట వినడం మొదలుపెట్టింది ఆ రోజునుంచే.

ఇలాంటి సందు వదిలితే అనుమానం ఉన్న పిల్లలు వెంటనే పట్టేస్తారు, పట్టుకోవాలి కూడా. 2019 మే 30న ఆల్బెర్టాలో కార్బన్ పన్ను రద్దయిన రోజునే అడవి మంటల పొగతో ఎడ్మంటన్ ఆకాశం నారింజరంగుకి తిరిగింది. పాఠానికి ఎంత బాగా అతుకుతుందో కదా! కానీ ఒక్క మంటని చూపించి ఇదిగో రుజువు అంటే, ఒక్క చలికాలాన్ని చూపించి వేడేదీ అనేవాడికీ మనకీ తేడా ఏముంది? వేడీ, పొడీ పెరిగితే మంటలు పట్టే రోజులు పెరుగుతాయి, అంతవరకే చెప్పాలి. ఆ కుర్రాడి తండ్రిది పిఠాపురం వైపు. నేనోసారి ఆయన దగ్గర, మీ ఉప్పాడ సముద్రంలో కలిసిపోతోంది కదండీ అని మొదలుపెట్టబోయాను. "మా చిన్నప్పట్నించీ కోతే కదండీ అది. గోదావరి ఇసుక రావట్లేదు, కాకినాడ దగ్గర తీరం మారింది. మొత్తం దీని నెత్తినే రుద్దకండి," అన్నారు. నిజమే. సముద్రమట్టం పెరగడం ఆ కోతకి తోడవుతోంది గానీ, అదొక్కటే కారణం కాదు.

అసలు పాఠం ఆయనే చెప్పారు. ఓ శనివారం కొడుకుని తీసుకెళ్ళడానికొస్తే, మీ ప్లాంట్లో మీథేన్ లీకులు ఎలా పట్టుకుంటారండీ అనడిగాను. ఆయన ఫోన్లో శిక్షణ వీడియో తీశారు. మామూలు కంటికి ఆ పైపు దగ్గర ఏమీ లేదు. పరారుణ కెమేరాలో చూస్తే అదే పైపు అతుకు దగ్గర నల్లటి పొగలా సుళ్ళు తిరుగుతోంది. "ఎలా కనపడుద్దంటే, వెనకాల్నుంచొచ్చే వేడిని ఈ గ్యాసు మింగేస్తదండీ. అందుకని అక్కడ నల్లగా కనపడుద్ది," అన్నారు. పిల్లలంతా ఫోను చుట్టూ మూగారు. మా వాడు తండ్రి మొహం వంకా, నా మొహం వంకా చూశాడు. స్లైడ్లలో నేను చెప్పిన సంగతే అది. వాళ్ళ నాన్న పొద్దున్న లేచి చేసే పనంతా ఆ ధర్మం మీదే నడుస్తోంది. నూనె పరిశ్రమలో మీథేన్‌ని 2014 స్థాయినుంచి 45 శాతం తగ్గించాలన్న లక్ష్యాన్ని మూడేళ్ళ ముందే అందుకున్నామని రాష్ట్రం 2023లో ప్రకటించింది. విమానాల్లోంచి కొలిచినవాళ్ళకి ఆ లెక్కల మీద పేచీలున్నాయి. అయినా తగ్గిన దాంట్లో ఈయన చేతిపని ఉంది.

పిల్లలు పైకెళ్ళాక ఆయన అన్నారు. "నేనెప్పుడు కాదన్నానండీ? టీవీలో మమ్మల్ని దొంగల్లా చూపిస్తే ఒళ్ళు మండుద్ది, అంతే."

నూనె కంపెనీల్లోనూ ఈ సంగతి తెలియని రోజుల్లేవు. ఎక్సాన్ సొంత శాస్త్రవేత్తలు 1970ల చివరినుంచీ వేసిన అంచనాలు ఎంత సరిగ్గా వచ్చాయో 2023లో సైన్స్ పత్రికలో లెక్కగట్టి వేశారు. అది చెబితే పిల్లలకి కోపమొచ్చింది. ఈసారి ఆ కోపం పర్యావరణవాదుల మీద కాదు లెండి.

ఇక మన చదువు. 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని అన్ని స్థాయిల్లో తప్పనిసరిగా బోధించాలంది. దాని పుణ్యమా అని బీటెక్‌లో మాకూ ఓ పేపరుండేది. ముందురోజు రాత్రి గైడు చదివి, ఓజోను పొర చిల్లుకీ గ్రీన్‌హౌస్ ఎఫెక్టుకీ తేడా తెలియకుండానే మంచి మార్కులతో పాసయ్యాను. ఒక్కడికీ ఒక్క అనుమానం రాలేదు. 2015 వేసవిలో ఆంధ్రా, తెలంగాణల్లో వడదెబ్బకి రెండు వేల మందికి పైగా పోయారని చదివినప్పుడు కూడా నాకా పేపరు గుర్తుకు రాలేదు. అందుకే కాగితం నిండా ప్రశ్నలతో వచ్చిన ఆ కుర్రాడే నాకు నయమనిపిస్తాడు.

వాడి మొదటి ప్రశ్నకి చివరికి ఏం చెప్పానంటారా? నా ఇన్‌వాయిసులు కూడా వెళ్ళేది ఓ నూనె కంపెనీకేనని చెప్పాను. మీ నాన్నదీ నాదీ ఒకటే లెక్క, నా సంగతి నాకే ఇంకా తేలలేదన్నాను. వాడికి అది నచ్చినట్టే ఉంది. నార్త్ కరోలినాలో 2019లో ఒక అధ్యయనం చేశారు, బడిలో ఈ పాఠాలు చదివి ఇంట్లో పెద్దవాళ్ళని ప్రశ్నలడిగిన పిల్లల వల్ల తల్లిదండ్రుల్లో, అందునా మితవాద తల్లిదండ్రుల్లో ఎక్కువ మార్పొచ్చిందట. పిల్లల్ని రాయబారులుగా వాడుకోవడం నాకు కాస్త ఇబ్బందే. కానీ వాళ్ళు ప్రశ్నలు అడిగారు, ఉపన్యాసాలివ్వలేదు. అది ఫరవాలేదనిపించింది.

పోయిన వేసవిలో రెండు మూడు కుటుంబాలం కలిసి జాస్పర్ దారిలో అథబాస్కా గ్లేసియర్‌కి వెళ్ళాం. 2024 జూలైలో కాలిపోయిన చెట్లు ఇంకా ఆ దారిలో ఉన్నాయి. గ్లేసియర్ దగ్గరికి నడుస్తుంటే ఏ ఏడాది మంచు ఎక్కడిదాకా ఉండేదో పలకలు పాతి ఉంటాయి. 19వ శతాబ్దం మధ్యనుంచి చూస్తే కిలోమీటరున్నర పైన వెనక్కిపోయింది. 1982 పలక దగ్గర ఆయన ఆగారు. నేను పుట్టిన ఏడని చెప్పి, అక్కణ్ణించి మంచు దాకా చూసి, ఫోటో తియ్యమన్నారు.

సెప్టెంబరులో మా వాడు బడికి ఓ వ్యాసం రాసి నాకు చూపించాడు. 2025 ఏప్రిల్లో కెనడాలో మామూలు జనం మీద కార్బన్ పన్ను ఎత్తేయడం మంచిదేనని వాదించాడు. మాలాంటి చలి ఊళ్ళలో హీటరు ఆపుకోలేని వాళ్ళ మీద భారమట, పెద్ద పరిశ్రమల మీద వేసేది ఉంచితే చాలట. రిబేటు చెక్కుల సంగతి పూర్తిగా వదిలేశాడు, అది రాయమన్నాను. నేనైతే ఆ పన్ను ఉండాల్సిందనే అనుకుంటాను. కానీ వేడి ఎందుకు పెరుగుతోందో మొదటి పేజీలో శుభ్రంగా రాశాడు, వాళ్ళ నాన్న కెమేరా కూడా ఉంది అందులో. నాన్నకి చూపించావా అనడిగితే, ఇంకా లేదు అంకుల్ అన్నాడు.